క్యూఆర్ కోడ్‌కు శాలువా

కాశ్మీరు నుంచి కన్యాకుమారికి పరుగెత్తే వాళ్లకు మన జిల్లా తప్పదు. శ్రీనగర్‌లో మొదలయ్యే 44వ నంబరు జాతీయ రహదారి డోన్, గుత్తి, పామిడి దాటుకుని అనంతపురం పక్కనుంచి పోతుంది. అలా పక్కనుంచి పోవడమే మన పెద్దలకు మింగుడు పడలేదు. క్యాన్సర్ పిల్లల వైద్యానికి డబ్బు పోగు చేస్తూ ఒకమ్మాయి ఉరుక్కుంటూ వస్తోందని తెలియగానే బైపాస్‌లో కాపు కాశారు. సన్మానం చేయించుకోనిదే కదలనిచ్చేది లేదని ఊళ్లోకి మళ్లించారు. అంత దూరం ఉరికొచ్చిన మనిషికి ఊళ్లోకి నాలుగడుగులు ఒక లెక్కా?

ఆ అమ్మాయి టీషర్టు మీద ముందూ వెనకా క్యూఆర్ కోడ్ ఉంది. ఫోన్ తీసి కొడితే డబ్బు నేరుగా వైద్యానికి పోతుంది. అంతే పని. కానీ అంత సులువుగా సాయం చేసేస్తే మన మర్యాద ఏం కావాలి?

ఆమె చెప్పిన టైముకే క్లాక్ టవర్ దగ్గరికి వచ్చేసింది. తప్పంతా ఆమెదే. ముఖ్య అతిథి అప్పటికింకా నిద్రే లేవలేదు. "అమ్మా, ఆ నీడకు కూర్చోమ్మా, సార్ బయల్దేరినారు" అన్నారు. సార్ బయల్దేరుతూనే ఉన్నారు, ఎండ నెత్తికెక్కింది. చివరికి తెల్ల బూట్లతో దిగారు. బూటు అడుగున ధర చీటీ ఇంకా ఊడలేదు. ఇంతలో వీడియో కుర్రాడికి ఒక ఆలోచన వచ్చింది. "మేడం, సప్తగిరి సర్కిల్ దాకా వెనక్కిపోయి మళ్లొకసారి ఉరికి రండి, సార్ మీతోపాటు వస్తారు." పాపం, వెళ్లింది. సార్ కూడా ఉరికారు, కెమెరా ఎంతవరకు ఉందో అంతవరకు. తర్వాత ఇద్దరు పట్టుకుంటే నడిచారు. అప్పుడు క్రేన్ కదిలింది. గజమాల దిగి ముందువైపు కోడ్‌ను మింగేసింది. వెనకవైపు కోడ్ మీద మొదటి శాలువా పడింది. దాని మీద రెండోది, ఆపైన యువజన విభాగం వారిది. మే నెలలో, అనంతపురంలో, శాలువాలు! ఎవరో కాలేజీ పిల్లాడు స్కాన్ చేద్దామని దగ్గరికొస్తే "ఫొటోకు అడ్డం రాకురా" అని గెంటేశారు.

ఆనక ఉపన్యాసం. సార్ టెర్రీ ఫాక్స్‌ను అమెరికా వీరుణ్ని చేసేశారు. ఆయన కెనడా కుర్రాడు. ఎముక క్యాన్సర్‌తో కుడికాలు పోతే 1980 ఏప్రిల్‌లో కృత్రిమ కాలు తగిలించుకుని ఆ దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగు మొదలుపెట్టాడు. రోజుకు దాదాపు ఒక మారథాన్ చొప్పున 143 రోజులు, 5,373 కిలోమీటర్లు ఉరికాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకితేనే ఆగాడు. మరుసటేడు 22 ఏళ్లకే పోయాడు. క్యాన్సర్ పరిశోధన కోసం అతను అడిగింది తలకొక డాలరు. బతికుండగానే 2.4 కోట్ల డాలర్లు దాటాయి, అప్పటి ఆ దేశ జనాభా కూడా సుమారుగా అంతే.

మనమూ ఖర్చుకు వెనకాడలేదు. ఫ్లెక్సీలకు, క్రేన్ బాడుగకు, డప్పులకు, టిఫిన్లకు చందాలు బాగానే వసూలయ్యాయి. కోడ్‌కు మాత్రం వేదిక మీది వాళ్లలో ఒక్కడూ ఫోన్ తీయలేదు, సెల్ఫీకి తప్ప. బిడ్డను ఒళ్లో వేసుకుని బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి తిరిగే తల్లులు మీ వార్డుల్లో లేరా? చెవి కమ్మలు అమ్మి స్కానింగు తీయించి, మందుల చీటీతో మీ గేటు ముందు నిలబడితే "ఎల్లుండి రాపో" అన్నది మీరు కాదా? మీరు ఇవ్వకపోతే మానె, ఆ కోడ్ మీద మీ గుడ్డలు కప్పకుండా ఉన్నా దారినపోయే ఆటో అతను పది రూపాయలు వేసేవాడు కదయ్యా!

మధ్యాహ్నం ఎండలో ఆమె మళ్లీ రోడ్డెక్కింది. రాప్తాడు దగ్గర ఇంకో కమిటీ ఫ్లెక్సీ కట్టుకుని కాచుకుని ఉందట. పెనుకొండ వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా, రెండు క్రేన్లకు అడ్వాన్సు ఇచ్చేశారు.