కచేరీ ధ్వని ఎలా ఉండాలో తేల్చేదెవరు?

శ్రోత చుట్టూ స్పీకర్లు అమర్చి ప్రతి ధ్వనికీ ఒక దిశను, దూరాన్ని కల్పించే ఇమ్మర్సివ్ ఆడియో చెన్నైకి కొత్తేమీ కాదు. ఇలాంటి విధానమైన డాల్బీ అట్మాస్ 2012లో సినిమా హాళ్లలోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఇక్కడి నిర్మాణ సంస్థ ఒక తమిళ చిత్రపు త్రీడీ రూపాన్ని ఆ విధానంలో విడుదల చేసింది. ఇదే నగరంలోని శాస్త్రీయ సంగీత సభల్లో మాత్రం గాత్రం, వయొలిన్, మృదంగం, తంబుర అన్నీ ఒకే మిక్సర్‌లో కలిసి, వేదికకు చెరోవైపున ఉన్న స్పీకర్లలోంచి ఒకే ముద్దగా శ్రోత మీద పడుతున్నాయి. ఈ దూరాన్ని తగ్గించడానికి విద్వాంసులు, పరిశోధకులు కలిసి పనిచేయాలన్న మాటపై ఎవరికీ పేచీ లేదు. అయితే ఆ ఉమ్మడి పనిలో ప్రశ్న వేసేది ఎవరన్నదే తేలాలి. విద్వాంసుణ్ణి ధ్వని నమూనాలు ఇచ్చి వెళ్లే మనిషిగా చూసినంతకాలం ఎంత ఖరీదైన పరికరాలు తెచ్చినా కచేరీకి ఒరిగేది తక్కువని నా నమ్మకం.

ముద్దగా వినిపించడంలో నష్టమేమిటో ముందు చూద్దాం. పదిమంది మాట్లాడుతున్న గదిలో మనకు కావలసిన ఒక్క గొంతును చెవి ఎలా ఏరుకుంటుందో 1953లో కాలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త ప్రయోగాలతో పరిశీలించారు. ధ్వనులు వేర్వేరు దిశల నుంచి వస్తే వాటిని విడదీసుకోవడం చెవికి సులువవుతుందని ఆ దారిలో సాగిన పరిశోధనలు చూపాయి. వేదిక మీద గాయకుడు మధ్యలో, వయొలిన్ ఒక పక్క, మృదంగం మరో పక్క కూర్చోవడంలో ఈ సౌకర్యం సహజంగానే ఉంది. రెండు స్పీకర్ల మిక్సింగ్ దాన్ని తుడిచేస్తుంది. పైగా స్పీకర్ ధ్వని వేదిక ధ్వనికన్నా ముందుగా చేరితే చెవి స్పీకర్ వైపే మొగ్గుతుంది. పక్క వరసల్లో కూర్చున్నవారికి గాయకుడు ఎదురుగా కనిపిస్తూనే గోడవైపు నుంచి పాడుతున్నట్టు వినిపించడానికి కారణం ఇదే. దేనికదే స్పష్టంగా వినపడక ప్రతి కళాకారుడూ తన మైకు పెంచమంటాడు, ఒకరిది పెంచగానే మరొకరిది పెంచాల్సి వస్తుంది, చివరికి హాలంతా హోరు మిగులుతుంది.

చెన్నైలో స్థిరపడ్డ తెలుగువారికి ఈ నష్టం మరికాస్త ఎక్కువ. పాడే కృతుల్లో చాలా భాగం తెలుగువి, వాటి అర్థం తెలిసి వినేవారూ మనమే. అచ్చులు బలమైన ధ్వనులు కాబట్టి హోరులోనూ నిలుస్తాయి. మాటను మాటగా నిలిపే క, చ, త, స వంటి హల్లుల శక్తి తక్కువ, వాటి ఆనవాళ్లు ఎక్కువగా రెండు వేల హెర్ట్జ్‌కు పైన ఉంటాయి. హాలు ప్రతిధ్వనికి మృదంగం హోరు తోడైతే ముందు మాయమయ్యేవి అవే. త్యాగరాజ కృతి చరణంలో రాగం నిండుగా అందుతూ సాహిత్యం మాత్రం సగమే చెవికి చేరడం గాయకుడి ఉచ్చారణ దోషమని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అది స్పీకర్ల అమరిక దోషం. కాబట్టి కచేరీలో ఇమ్మర్సివ్ ఆడియో మొదటి పని స్వరాలను శ్రోత తల చుట్టూ తిప్పడం కానే కాదు. ఎవరి ధ్వనిని వారు కూర్చున్న చోటికి తిరిగి చేర్చడం, తద్వారా మొత్తం హోరు తగ్గించడం దాని మొదటి పని కావాలి. వేదిక పొడవునా స్పీకర్లు వరసగా కట్టి, ప్రతి వాద్యాన్నీ దాని స్థానం నుంచే వినిపించే వ్యవస్థలు ఇప్పటికే మార్కెట్లో ఉన్నాయి. వాటితో ఏం చేయాలో చెప్పాల్సినవారు కచేరీ చేసేవారు.

సరైన ప్రశ్న సంగీతంలోంచి పుట్టినప్పుడు శాస్త్రం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ కన్నా మంచి సాక్ష్యం లేదు. సాగదీసిన మామూలు తోలు మీద కొడితే పుట్టే అనుస్వరాలు, అంటే మూల ధ్వనితో పాటు పలికే పై ధ్వనులు, ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే చాలా డప్పులకు శ్రుతి ఉండదు. మృదంగం కుడి మూత మీద పొరలు పొరలుగా పట్టించే నల్లటి పూత ఆ అనుస్వరాలను ఒక క్రమంలోకి తెస్తుందని రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు, 1934లో మరింత వివరంగా రాశారు. తంబుర, వీణల మీద 1921లో ఆయన చేసిన పరిశీలన నాకు ఇంకా ముచ్చటగా ఉంటుంది. తీగను ఒక అనుస్వరం నిశ్చలంగా ఉండే బిందువు దగ్గర మీటితే ఆ అనుస్వరం వినిపించకూడదు, అది పాత నియమం. ఈ రెండు వాద్యాల్లో అది వినిపిస్తూనే ఉంటుంది. తీగలను మోసే వంపు తిరిగిన గుర్రం (బ్రిడ్జి) మీద తీగ ఆనీ ఆననట్టు తాకడమే దీనికి మూలం, తంబురలో జీవాళి దారం ఆ తాకిడిని సరిచేస్తుంది. దారాన్ని వెంట్రుకవాసి జరిపితే నాదం విప్పుకుంటుంది, ఇంకో వెంట్రుకవాసి జరిపితే మూసుకుపోతుంది. తంబుర వేసేవారి చేతికి తెలిసిన ఈ సంగతిని రామన్ ప్రశ్నగా మార్చారు.

ఆ ప్రశ్నకు కొనసాగింపు మన కాలంలో చెన్నైలోనే జరిగింది. బార్సిలోనాలోని పాంపెయూ ఫాబ్రా విశ్వవిద్యాలయంలో జేవియర్ సెర్రా 2011 నుంచి 2017 వరకు నడిపిన, సంగీతాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టులో ఐఐటీ మద్రాసుకు చెందిన హేమా మూర్తి బృందం కర్ణాటక సంగీతంపై పనిచేసింది. మృదంగ విద్వాంసుడు అక్షయ్ అనంతపద్మనాభన్ ఆ బృందంతో కలిసి 2013లో ప్రచురించిన పత్రం, రామన్ గుర్తించిన కంపన రీతుల ఆధారంగానే మృదంగపు దెబ్బలను కంప్యూటర్ చేత గుర్తింపజేసింది. గాయకుడు విఘ్నేశ్ ఈశ్వర్ అదే వాతావరణంలో పరిశోధకుడిగానూ పనిచేశారు, ప్రసిద్ధ గాయకుడు టి.ఎం. కృష్ణతో కలిసి స్వరం, గమకం, రాగ స్వరూపాల మీద 2012లో పత్రం సమర్పించారు. అక్షయ్, విఘ్నేశ్ ఇద్దరూ కచేరీ వేదిక మీదివారే. స్వరం ఒకచోట నిలబడే బిందువు కాదని, గమకంతో కూడిన కదలికే స్వరమని చెప్పగలిగినవారు లోపల ఉన్నందువల్లే ఆ పరిశోధన పాశ్చాత్య సంగీతం కోసం చేసిన కొలబద్దలను యథాతథంగా ఇక్కడ దించలేదు.

ఇదే ప్రాజెక్టులోంచి వచ్చిన ‘సరాగ’ సంకలనంలో, కచేరీల్లో ఒక్కో మైకునూ విడివిడిగా రికార్డు చేసిన ట్రాకులున్నాయి. అందులో గాయకుడి మైకులో మృదంగం కూడా వినిపిస్తుంది. ఇమ్మర్సివ్ ఆడియోకు ఇది పెద్ద చిక్కు, ఎందుకంటే గొంతును ఒక దిశలో పెట్టగానే దానికి అంటుకున్న మృదంగపు నీడ కూడా అక్కడికి వెళ్తుంది. స్టూడియో పద్ధతిలో దీనికి పరిష్కారం సులువు: ఒక్కొక్కరినీ ఒక్కో గాజు గదిలో కూర్చోబెట్టాలి. అప్పటికప్పుడు అల్లుకునే మనోధర్మ సంగీతానికి ఆ దారి మూసుకుపోయినట్టే. కల్పనస్వరంలో గాయకుడి చెయ్యి, కనుచూపు, ఊపిరి పట్టడం చూసి పక్కవాద్యకారులు ముగింపును అందుకుంటారు. కనుక కలిసిపోయిన ధ్వనులను లెక్కలతో విడదీసే కష్టమైన మార్గమే మనది, ఆ కష్టం ఎందుకు పడాలో ప్రయోగశాలకు చెప్పగలిగినవాడు మళ్లీ విద్వాంసుడే.

వాద్యాల ధ్వనిని కంప్యూటర్ అప్పటికప్పుడు మలిచే ఎలక్ట్రో-అకూస్టిక్ ప్రదర్శనలో ఈ ఇబ్బంది కాలం రూపంలో ఎదురవుతుంది. ధ్వని గాలిలో మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. గాయకుడికీ మార్దంగికుడికీ మధ్య ఒకటిన్నర మీటరు ఉందనుకుంటే, ఒకరిది ఒకరికి 4, 5 మిల్లీసెకన్లలో అందుతుంది. ధ్వనిని కంప్యూటర్‌లోకి తీసుకుని, సెకనుకు 48 వేల నమూనాల వేగంతో 512 నమూనాల చొప్పున పోగుచేసి మలిస్తే లోపలికి 10.7, బయటికి మరో 10.7 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. అంటే పక్కనే కూర్చున్న మనిషి ఏడు మీటర్ల అవతలి నుంచి వాయిస్తున్నట్టు. చౌక కాలంలో, అంటే నెమ్మది నడకలో, దీన్ని సర్దుకోవచ్చు. తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనంలో నడక పెరిగే కొద్దీ అది చేతికి తెలుస్తుంది. వేదిక మీది మానిటర్ స్పీకర్‌లో తాళం వెనక్కి లాగుతోందని విద్వాంసుడు ఫిర్యాదు చేస్తే దాన్ని అలవాటు లేనితనంగా కొట్టిపారేయకూడదు. ఆ చెవి కచ్చితమైన కొలత చెబుతోంది.

ముందే రాసిన స్వరలిపిని కంప్యూటర్ అనుసరించే పద్ధతులు పారిస్‌లోని ఇర్కామ్ సంగీత పరిశోధన సంస్థ వంటి చోట్ల బాగా ఎదిగాయి. ఒకే సాహిత్య పాదాన్ని రకరకాలుగా విస్తరించే నెరవల్ ఎన్ని తాళ ఆవర్తనాలు సాగుతుందో గాయకుడికే ముందు తెలియని కచేరీకి అవి నేరుగా పనికిరావు. ఇక్కడ యంత్రం తాళాన్ని, రాగపు ముఖ్య సంచారాలను విని తెలుసుకోవాలి.

ఇవన్నీ సంప్రదాయాన్ని చెడగొట్టే పనులని అనేవారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, కానీ మన చరిత్ర వేరే సంగతి చెబుతోంది. పాలకొల్లులో పుట్టి చెన్నైలో స్థిరపడ్డ యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌నే గమకాలు పలికేలా ఐదు తీగలకు మార్చుకుని, ఆ వాద్యానికి సభల్లో శాశ్వత స్థానం తెచ్చారు. బెంగళూరులో వేణువు వాయించే ఇంజినీర్ జి. రాజ్ నారాయణ్ చేసిన ఎలక్ట్రానిక్ తంబుర ఇప్పుడు వేలాది ఇళ్లలో మోగుతోంది. ఇద్దరి విషయంలోనూ అవసరం సంగీతం నుంచి వచ్చింది, పరికరం దాని వెంట నడిచింది. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో నెలకొల్పిన స్టూడియోకు అలాంటి కొనసాగింపు దొరకలేదు. పఖావజ్ నేర్చిన గీతా సారాభాయ్ వంటివారు అక్కడ పనిచేసినా, కొన్నేళ్లకే అది ఆగిపోయింది. బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గస్ వెలికి తీసేదాకా అక్కడ రికార్డు చేసిన టేపులు దశాబ్దాలపాటు అలాగే ఉండిపోయాయి.

పేరు, ప్రతిఫలం సంగతి మొదటి రోజే కాగితం మీద తేల్చుకోవాలి. ఒక విద్వాంసుడి రికార్డింగు యంత్రాలకు శిక్షణ ఇచ్చే సామగ్రిగా మారగల కాలంలో, దాన్ని దేనికి వాడవచ్చో చెప్పే హక్కు ఆయన దగ్గరే ఉండాలి.

మరొకరిని కూడా ఈ చర్చలో కూర్చోబెట్టాలి: మిక్సర్ దగ్గరుండే మైకుసెట్టు మనిషిని. డిసెంబరు సీజన్‌లో ఒక కచేరీకీ తర్వాతి కచేరీకీ మధ్య ఆయనకు దొరికే కాస్త వ్యవధిలో అమర్చలేని పద్ధతి ఏదీ సభల్లో నిలవదు. అందుకే ప్రయోగాలను సీజన్ ముగిశాక, హాలు తీరికగా దొరికే నెలల్లో, శ్రోతలను నిజంగా కూర్చోబెట్టి చేయాలి. ఖాళీ కుర్చీల మధ్య ధ్వని వేరుగా ఉంటుంది. ఒకే కృతిని పాత రెండు స్పీకర్ల అమరికలోనూ, వాద్యాల స్థానాలు నిలిపిన అమరికలోనూ, మైకే లేకుండానూ పాడించి, వెనక వరసలోని తెలుగు శ్రోతల చేత తమకు అందిన సాహిత్యాన్ని రాయించాలి. ఏ కృతులు పాడాలో, ఏ నడకలో పాడాలో పాడేవారే నిర్ణయించాలి.