వంటింటికా, వారణాసికా?

తెలుగు గృహస్థు జీవితంలో అయిదారేళ్లకోసారి ఒక రాజ్యాంగ సంక్షోభం తలెత్తుతుంది. పాడిన చీటీ డబ్బో, గడువు తీరిన ఫిక్స్‌డ్ డిపాజిట్టో, వాడుకోని సెలవులకు వచ్చిన సొమ్మో చేతికి అందుతుంది. తీర్చాల్సిన అప్పు లేదు, చేయాల్సిన పెళ్లి లేదు, కట్టాల్సిన ఫీజు లేదు. ఇలాంటి పనీపాటా లేని డబ్బు ఇంట్లో ఉండటం ఎంత ప్రమాదమో అనుభవజ్ఞులకు చెప్పనక్కరలేదు. ఆ రాత్రే భోజనాల దగ్గర ఇల్లు రెండు పార్టీలుగా చీలిపోతుంది. వంటింటిని మాడ్యులర్ చేయించాల్సిందేనని ఒక పార్టీ, ఈ వేసవికైనా ఎక్కడికో ఒకచోటికి వెళ్లాల్సిందేనని మరో పార్టీ. రెండో పార్టీలో మళ్లీ చీలికలు. నానమ్మ కాశీ అంటుంది, మనవరాలు వియత్నాం అంటుంది. ఇంత గంభీరమైన సమస్య మీద ఏ ప్రభుత్వమూ ఇంతవరకు ఒక కమిషన్ వేయకపోవడం విచారకరం. ఆ బాధ్యతను ఈ వ్యాసకర్త స్వచ్ఛందంగా తలకెత్తుకుంటున్నాడు.

ముందే చెబుతున్నాను, నేను ఇంటి పక్షం. తటస్థుడినని ప్రమాణం చేసి తీర్పు ఒకవైపు ఇచ్చే అలవాటు నాకు లేదు.

సంప్రదాయం మా వైపే ఉంది. పెళ్లిలో కాశీయాత్ర ఘట్టం చూడండి. వరుడు గొడుగు వేసుకుని, కర్ర పుచ్చుకుని, ఈ సంసారం నాకొద్దంటూ కాశీకి బయలుదేరతాడు. పట్టుమని పది అడుగులు వేయకముందే వధువు సోదరుడు అడ్డం వచ్చి, గడ్డం పుచ్చుకుని బతిమాలి, మా చెల్లెల్ని చేసుకుని ఇల్లు నిలబెట్టు బావా అని వెనక్కి తీసుకొస్తాడు. అంటే దేశాటనమా, గృహమా అన్న చర్చను మన పెద్దలు తాళి కట్టకముందే తేల్చేశారు. దీనిమీద అప్పీలుకు కూడా అవకాశం ఇవ్వలేదు. విచిత్రం ఏమిటంటే, ఆనాడు నా చేతిలోని గొడుగు లాక్కున్న బావమరిదే ఇప్పుడు వారానికో టూర్ ప్యాకేజీ వాట్సాప్‌లో పంపుతున్నాడు. “బావగారూ, నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు, ఉదయం టిఫిన్ ఉచితం” అంటాడు. ఆ మాటేదో అప్పుడే చెప్పి ఉంటే గొడుగు నా దగ్గరే ఉండేది.

ప్రయాణ పక్షంవారు వెంటనే ఏనుగుల వీరాస్వామిని సాక్షిగా ప్రవేశపెడతారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒక భాషలోని మాటను మరో భాషలో చెప్పే ఉద్యోగిగా, పనిచేసిన ఆ పెద్దమనిషి 1830 మే నెలలో పరివారంతో, పల్లకీలతో, డేరాలతో కాశీకి బయలుదేరి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్లి, 1831 సెప్టెంబరులో గానీ ఇల్లు చేరలేదు. దారిలో చూసిందంతా రాసిపెట్టాడు. దాదాపు రెండు వందల ఏళ్లు గడిచినా ఆయన ఏ ఊళ్లో మజిలీ చేశాడో మనకు తెలుసు, వంటింట్లో ఏ రాయి పరిపించాడో ఎవరికీ తెలియదు, చరిత్రలో నిలిచేది ఏదో మీరే చెప్పండి అంటారు. ఇది కుతర్కం. ఆయన కాలంలో సాఫ్ట్ క్లోజ్ సొరుగులు లేవు. ఇలా తోస్తే అలా చప్పుడు లేకుండా తనంతట తానే మూసుకునే సొరుగు ఒక్కటి ఇంట్లో ఉండి ఉంటే, ఆ మహానుభావుడు పల్లకీ ఎక్కేవాడేనా అని నా ఎదురు ప్రశ్న.

పైగా, ఇంటికి డబ్బు పెడితే లోకం చూడలేమన్నది ఒట్టి అపోహ. లోకమే మన గుమ్మంలోకి వస్తుంది. గుమ్మం అంటే గుర్తొచ్చింది, అది బర్మా టేకు. నేల మీద గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చిన టైల్స్. తాహతు ఉన్నవారికి ఇటలీ పాలరాయి. వంటింటి గట్టు మీద చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే ఈ గ్రానైట్ ప్రకాశం జిల్లాలో పుట్టి, ఓడలెక్కి ఖండాలు దాటి వెళ్తుంది. దాని మీద కూరగాయలు తరిగేవారిలో చాలామందికి పాస్‌పోర్టు కూడా లేదు.

వీటన్నిటినీ తలదన్నేది ప్లైవుడ్. సింకు కింద అరలకు ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న చెక్కే వేయాలని కార్పెంటర్ పట్టుబడతాడు. అది మెరైన్ గ్రేడ్. పడవల వంటి జలయానాలకు పనికొచ్చే చెక్క ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం అది. పరీక్షలో 72 గంటలు, అంటే మూడు పగళ్లు మూడు రాత్రులు, మరిగే నీళ్లలో ఉడకబెట్టినా పొరలు విడిపోకూడదు. ఇన్ని అగ్నిపరీక్షలు నెగ్గి సముద్రయానానికి అర్హత సంపాదించిన చెక్క చివరికి కూకట్‌పల్లి ఫ్లాటులో చెత్తబుట్టకూ ఫినాయిల్ సీసాకూ కాపలా కాస్తుంది. దాని ముందు నిలబడి ఇరవై ఏళ్లుగా గిన్నెలు కడుగుతున్న ఇల్లాలు సూర్యలంక దాకా కూడా వెళ్లలేదు. ఇంట్లో ఒకరికైనా యోగ్యత ఉంది కదా అని సంతోషించాలి.

ఇంటి ఖర్చుకున్న మరో ఘనత ప్రదర్శన. టూరు ఫొటోలు చూపిస్తే చుట్టాలు మూడో ఫొటోకే ఫోను తిరిగి చేతిలో పెట్టేస్తారు. కొత్తగా చేయించిన ఇంటి నుంచి అంత తేలిగ్గా తప్పించుకోలేరు. చెప్పులు విడవగానే యాత్ర మొదలవుతుంది, గృహస్థే గైడు. “ఇది ఫాల్స్ సీలింగ్. లైట్లు మూడు రంగులు” అంటూ స్విచ్ మూడుసార్లు నొక్కుతాడు. చుట్టం మెడ వెనక్కి వాల్చి మూడుసార్లూ “బాగుంది” అనాలి, పసుపు రంగు లైటుకు కొంచెం ఎక్కువ బాగుందనాలి. తర్వాత పూజగది జాలీ. ఆ తర్వాత బాత్రూము. పరాయి ఇంటి బాత్రూములో నలుగురు పెద్దమనుషులు ఒద్దికగా ఒకరినొకరు రాసుకుంటూ నిలబడి, గోడలోంచి పొడుచుకొచ్చిన షవరును తలలూపుతూ తిలకించే దృశ్యం తాజ్‌మహల్ దగ్గర కూడా దొరకదు.

చివరి మజిలీ వంటిల్లు. చిమ్నీ మీద ప్లాస్టిక్ పొర ఇంకా ఒలవలేదు, ఒలిస్తే పాతబడుతుందని భయం. గాజు పలక పొయ్యి తళతళలాడుతూ ఉంటుంది. ఉండక ఏం చేస్తుంది? చేపల వేపుడు, అప్పడాలు, ఎండుమిరపకాయల పోపు అన్నీ వెనక వాష్ ఏరియాలో పాత పొయ్యి మీదే సాగుతున్నాయి. అయిదు లక్షల వంటిల్లు పాలు కాచడానికి మాత్రమే, అదీ పొంగవని ఎవరైనా పూచీ ఇస్తేనే.

మరి ప్రయాణాలు చేసేవారు మాత్రం ఏం సాధిస్తున్నారు? ఇల్లు మోసుకుపోతున్నారు. ఆవకాయ, కందిపొడి, కరెంటు కుక్కర్ లేని పెట్టె ఏ విమానాశ్రయంలోనూ తెలుగువారిది కాదు. టూర్ల ప్రకటనల్లో చూడబోయే ఊళ్ల పేర్లకన్నా ‘తెలుగు భోజనం’ అన్న మాటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కాశీ వెళ్లినవారు ఇష్టమైన కాయో పండో వదిలిపెట్టి రావాలన్న ఆచారం ఉంది. మా బంధువు ఒకాయన ఎంతో నిష్ఠగా డ్రాగన్ ఫ్రూట్ వదిలేసి వచ్చాడు.

ఇక అమెరికా యాత్ర. పిల్లలు టికెట్లు పంపుతారు, వీసా అధికారి కరుణిస్తాడు, పర్యాటకులకు మామూలుగా ఇచ్చే ఆరు నెలల గడువు దొరుకుతుంది. దంపతులిద్దరూ సగం భూగోళం దాటి వెళ్లి ఒక సోఫాలో కూర్చుంటారు. కొడుకు ఆఫీసుకు, కోడలు ఆఫీసుకు, మనవడు డేకేర్‌కు. కారు లేనిదే వీధి చివరి దాకా కూడా పోలేని ఊళ్లో, కిటికీ అవతల మంచు, ఇవతల తెలుగు సీరియల్. సాయంత్రం వాళ్లు వచ్చేసరికి సాంబారు సిద్ధం. ఇంట్లో కూర్చోవడానికి ఇంత ఖర్చు పెట్టి అంత దూరం వెళ్లినవారు ప్రపంచ యాత్రా చరిత్రలో మరొకరు లేరు.

అయితే ఆ ఆరు నెలలూ వృథా పోవు. ఆమె అక్కడ ఓపెన్ కిచెన్ చూస్తుంది. తిరిగొచ్చిన వారంలోనే హాలుకూ వంటింటికీ మధ్య గోడ కొట్టించే ప్రతిపాదన సభ ముందుకు వస్తుంది. ఆ గోడ పోయిన మరునాటి నుంచి చింతపండు పులిహోర పోపు ఘాటుకు సోఫాలో కూర్చున్న అతిథి ముందు దగ్గుతాడు, తర్వాత కుశల ప్రశ్నలు వేస్తాడు. గమనించండి, ప్రయాణం కూడా చివరికి గోడ దగ్గరికే చేరింది. అందుకే ఈ రెండు ఖర్చులూ వేరు వేరు అనుకోవడమే పొరపాటని నా సిద్ధాంతం. ఏ దారిన బయలుదేరినా సొమ్ము చేరేది మేస్త్రీకే.

ప్రభుత్వం కూడా ఈ అద్వైతాన్ని గుర్తించింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం, ఇంటి మరమ్మతుకు అప్పు చేసినవాడికి వడ్డీలో ఏడాదికి 30,000 రూపాయల వరకు మినహాయింపు ఇచ్చింది. సెలవు ప్రయాణ రాయితీ ఉన్న ఉద్యోగికి నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలకు మినహాయింపు ఇచ్చింది, అదీ దేశం లోపలే, అదీ టికెట్టు డబ్బు వరకే. తిండీ గదీ నీ ఖర్మ. దాచుకున్న డబ్బుతో ఇల్లు బాగుచేయించుకున్న అమాయకుడికి ఏమీ లేదు. తర్వాత వచ్చిన కొత్త పన్ను విధానం మనం కాపురముండే ఇంటి వడ్డీనీ, సెలవు ప్రయాణాన్నీ ఒకే చేత్తో తుడిచేసింది. ఉంటే ఉండు, పోతే పో, మాకేమీ అభ్యంతరం లేదన్నది దాని సారాంశం.

మేస్త్రీ దగ్గరికి వద్దాం. మొదట సమస్య ఒక్కటే, బాత్రూము గోడకు కాస్త చెమ్మ. మేస్త్రీ వచ్చి వేలి కణుపుతో గోడను రెండుచోట్ల కొట్టి, చెవి ఆనించి విని, ఎక్స్‌రే చూసిన డాక్టరులా నిట్టూరుస్తాడు. “లోపల పైపు పోయింది సార్.” పైపు మార్చాలంటే టైల్స్ పగలగొట్టాలి. ఆ రంగు టైల్స్ ఇప్పుడు రావడం లేదు, కాబట్టి నాలుగు గోడలవీ తీసేయాలి. “పనిలో పనిగా నేల కూడా చేసేద్దాం సార్.” నేల లేపాక వాటర్‌ప్రూఫింగ్ చేయించకపోవడం మహాపాపం. చేయిస్తే నేల ఎత్తు పెరిగి తలుపు తెరుచుకోదు. కొత్త తలుపు పెడితే మిగతా గదుల తలుపులు వెలవెలబోతాయి. అన్ని తలుపులూ మారిస్తే గోడలు ఊరుకోవు. రెండు పూతల లప్పం, ఒక ప్రైమర్, రెండు పూతల రంగు. ఈలోగా సామానంతా దుప్పట్లు కప్పుకుని హాలు మధ్యలో గుట్టగా నిలబడుతుంది, కుటుంబం అత్తవారింటికి తరలిపోతుంది. అక్కడ బస ఉచితం, భోజనం ఉచితం, మన ఆర్థిక నిర్ణయాల మీద విశ్లేషణ కూడా ఉచితం. విహారయాత్ర అంటే ఇంకేమిటి?

ఈ పనుల మధ్యలో రైలు టికెట్లు చేయించమనేవారి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. ముందస్తు రిజర్వేషన్ గడువును రైల్వేవారు 2024 నవంబరు నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు కుదించారు. అది కూడా మన పాలిట ఎక్కువే. రేపు ఉదయం మేస్త్రీ వస్తాడో రాడో తెలియని ఇంట్లో అరవయ్యో రోజు సంగతి ఎవరు చెప్పగలరు?

ఇన్ని కారణాల దృష్ట్యా, చీటీ డబ్బును సంపూర్ణంగా ఇంటికే కేటాయించాలని ఏకసభ్య కమిషన్ సిఫారసు చేసింది, ఇంట్లో మెజారిటీ లేకపోయినా ఆమోదించింది. మేస్త్రీకి అడ్వాన్సు కూడా ఇచ్చేశాం. బాత్రూములో రెండు గోడలు పగలగొట్టి వెళ్లినవాడు వారం నుంచి ఫోను ఎత్తడం లేదు. నిన్న రాత్రి ఆయన వాట్సాప్ స్టేటస్ మా మనవరాలి కంట పడింది. దాల్ సరస్సు, పూల తెరలు కట్టిన శికారా, అందులో కుటుంబసమేతంగా మేస్త్రీ, మెడలో కెమెరా. నేను ఒక ప్రశ్నార్థకం మాత్రం పంపాను. గంట తర్వాత జవాబు వచ్చింది.

“సోమవారం వచ్చేస్తున్నా సార్. ఇక్కడ చెక్క సీలింగులు చాలా బాగున్నాయి, ఫొటోలు తీసుకున్నా. పనిలో పనిగా మన హాలుకు కూడా వేసేద్దాం.”