వలస బాతుల ప్రవర్తనపై కొన్ని అభ్యంతరాలు

ఏటా చలికాలంలో సైబీరియా, మధ్య ఆసియాల నుంచి హైదరాబాదు చుట్టుపక్కల చెరువులకు బాతులు వలస వస్తున్నాయి. వాటికి మనం చేస్తున్న మర్యాదలకూ, అవి మన పట్ల కనబరుస్తున్న తీరుకూ ఎక్కడా పొంతన లేదన్న సంగతిని ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు కనుక, ఆ అప్రియమైన బాధ్యతను ఈ వ్యాసం స్వీకరిస్తోంది.

ముందుగా వేషం సంగతి. పిన్‌టెయిల్ అనే రకం బాతుల్లో మగదానికి చాక్లెట్ రంగు తల, తెల్లని మెడ, సూదిలాంటి పొడవాటి తోక ఉంటాయని పుస్తకంలో చదువుకుని, వాయిదాల మీద కొన్న లెన్సును భుజాన వేసుకుని తెల్లవారకముందే గట్టెక్కిన పౌరుడికి, సీజను మొదట్లో కనిపించేది ఆడామగా తేడా తెలియని మట్టిరంగు గుంపు. జతకట్టే కాలం ముగిశాక మగబాతులు రంగుల ఈకలు రాల్చేసుకుంటాయనీ, చలి ముదిరేకొద్దీ మళ్లీ తెచ్చుకుంటాయనీ నిపుణులు వాటి తరఫున వకాల్తా పుచ్చుకుంటారు. పెళ్లికి వచ్చినవాళ్లు ప్రయాణపు బట్టలతోనే పీటల ముందు కూర్చుంటే మనం ఊరుకుంటామా?

వచ్చాక వాటి నడవడి మరీ అన్యాయం. పగలు చాలాసేపు చెరువు నడిమధ్యన, ముక్కును వీపు ఈకల్లో దోపుకుని నిద్ర. షావెలర్ అనే బాతును పోల్చుకోవడానికి మనబోటివాళ్లకున్న ఏకైక ఆధారం గరిటెలాంటి దాని ముక్కు. అది సరిగ్గా దాన్నే దాచుకుంటుంది. మేతకు దిగిన పిన్‌టెయిల్ తలను నీళ్లలో ముంచి, తోకను ఆకాశానికెత్తి, కాళ్లతో నీటిని తన్నుకుంటూ తలకిందులుగా నిలబడుతుంది. గట్టు మీద సాక్షాత్తూ ప్రజాప్రతినిధి నిలబడి ఉన్నా దానికి పట్టింపు లేదు. హిమాలయాల మీదుగా 7,000 మీటర్ల ఎత్తున కూడా ఎగరగల బార్‌హెడెడ్ గూస్ అనే పెద్దబాతు, అరచేతిలో పట్టే డ్రోన్ పైకి లేచేసరికి బెదిరిపోతుంది. ఇదేమి ధైర్యమో!

ఇక మన వైపు చూడండి. ఈ బాతుల్లో చాలా రకాలు నీటి అడుగుకు మునగవు. మెడ అందినంత మేరే బురదలోని గింజలూ పురుగులూ ఏరుకుంటాయి కనుక, వాటికి చెరువు అంచున ఉండే జానెడు, మూరెడు నీళ్లే కంచమట. ఆ అంచు ఫొటోలో బాగుండదు: బురద, తుంగ, దోమలు. అందుకే దాన్ని తవ్వి తీసేసి, గట్టును నిటారుగా రాతికట్టుతో బిగించి, పైన వాకింగ్ ట్రాక్, పాటలు పాడే స్తంభాలు, సెల్ఫీ పాయింటు ఏర్పాటు చేశాం. బాతులు రాత్రిళ్లు కూడా మేస్తాయని విని, చీకట్లో దారి తప్పకూడదన్న సదుద్దేశంతో తెల్లవార్లూ రంగుదీపాలు వెలిగిస్తున్నాం. అయినా అవి ఒడ్డుకు రావు.

హైదరాబాదు శివార్లలోని అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి నగర జలాశయం అదే. చెరువుల మీద నగరవాసుల ప్రేమ అప్పటికే పొంగుతోంది. ఎక్కడ చూసినా ‘లేక్ వ్యూ’ భవనాలే. వాటి బాల్కనీలతో పాటు మురుగు గొట్టాలు కూడా చెరువు వైపే తెరుచుకుంటాయి.

ఆసియాలో 1987 నుంచి ఏటా జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతోంది. దాని నిర్వాహకులకు ఒక వినయపూర్వక సూచన. సుందరీకరణలో భాగంగా గట్ల మీద నిలబెట్టిన సిమెంటు బాతులను కూడా లెక్కలో చేర్చాలి. అవి ఎల్లప్పుడూ కెమెరా వైపే చూస్తాయి, ఏడాది పొడవునా రంగుల్లోనే ఉంటాయి, వేసవిలోనూ వెళ్లిపోవు. పైగా టెండరు పిలిచిన ప్రతిసారీ సంతతి పెరుగుతుంది.