అమ్మేశాక కూడా పెత్తనం కంపెనీదేనా?

అప్‌డేట్లు ఆపేసుకుని పాత కంప్యూటర్‌తో నెట్టుకొచ్చేవాళ్లను చూస్తే మన ఐటీవాళ్లకు చిరాకు. జిరాక్స్ షాపులో ఇంకా విండోస్ 7 నడుస్తోందంటే వింతగా చూస్తారు, ఊళ్లో బాబాయి ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ నెలల తరబడి పెండింగ్‌లో ఉంటే క్లాస్ పీకుతారు. నేనైతే ఆ షాపతని పక్షం, ఆ బాబాయి పక్షం. అప్‌డేట్ అయినప్పుడల్లా ఏదో ఒకటి పోవడం కళ్లారా చూసి, చేతులు కాల్చుకుని, ఇక చాలురా బాబూ అనుకున్నవాళ్లు వాళ్లు. ఆ అపనమ్మకాన్ని కంపెనీలే చేజేతులా పెంచి పోషించాయి. వాటంతట అవి మారతాయన్న ఆశ నాకు లేదు, చట్టం చేసి మార్చాల్సిందే.

విండోస్ 10 గొడవ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఆపేసింది. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే ఒకటి రెండు మినహాయింపులు పోను 8వ తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతది ఉండాలి. 2017 మొదట్లో డబ్బులు పెట్టి మంచి ఐ5 డెస్క్‌టాప్ కొన్నవాడి పరిస్థితి ఏంటి? అది ఇవాళ్టికీ టాలీ నడుపుతుంది, జూమ్ కాల్ నడుపుతుంది, పిల్లల ప్రాజెక్టు వర్క్ చేసిపెడుతుంది, ఇంకాస్త ర్యామ్ వేసి ఎస్ఎస్‌డీ పెట్టిస్తే ఇంకొన్నేళ్లు హాయిగా పనిచేస్తుంది. అయినా దానికి కాలం చెల్లిందని ఎక్కడో ఒక జాబితాలో రాసేశారు. ఇలా 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి పోవచ్చని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023 చివర్లోనే అంచనా వేసింది. ఇంకో ఏడాది సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే భద్రతా లోపాలను పూడ్చే అప్‌డేట్లు, కావాలంటే 30 డాలర్లు కట్టమన్నారు, కట్టలేకపోతే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగులు వాళ్ల క్లౌడ్‌లోకి బ్యాకప్ చేయమన్నారు, లేదా వాళ్ల రివార్డ్ పాయింట్లు వెయ్యి ఖర్చుపెట్టమన్నారు. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా పట్టుబట్టేసరికి అక్కడివాళ్లకు ఆ బ్యాకప్ షరతు లేకుండానే ఉచితంగా ఇచ్చారు. అదే సాఫ్ట్‌వేర్, అదే ప్యాచ్. అక్కడ అడిగారు, మనం అడగలేదు. ఆ కంపెనీని 2014 నుంచి నడుపుతున్నది బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల అని మనం గర్వపడతాం, పడాల్సిందే కూడా. కానీ మనవాడే కదా అని అడగాల్సింది అడక్కుండా ఊరుకుంటే ఎలా?

అవతలివైపు వాదనలోనూ నిజం ఉంది. 2017 మేలో, ఫైళ్లను లాక్ చేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ విరుచుకుపడినప్పుడు దెబ్బతిన్నవి ప్యాచ్ వేసుకోని కంప్యూటర్లే, ఆ ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని ఆ దెబ్బకు లాక్ అయ్యాయి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు, ఆధార్ కాపీలు ఉన్న మిషన్‌ను గాలికి వదిలేయమని నేను ఎవరికీ చెప్పను. అయితే అదే వానాక్రై సమయంలో, మూడేళ్ల ముందే మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేసింది. అంటే తలచుకుంటే ఇవ్వగలరు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, భద్రత కోసం వచ్చే ప్యాచూ, మనం అడగని మార్పులూ ఒకే మూటలో కట్టి పంపుతారు. ఇది కావాలి, అది వద్దు అనే వీలు విండోస్ 10 నుంచి లేదు, తీసుకుంటే మొత్తం తీసుకోవాలి. 2018 అక్టోబర్‌లో వచ్చిన పెద్ద అప్‌డేట్ కొంతమంది డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లను తుడిచిపెట్టేసింది, కొద్ది రోజులకే దాన్ని ఆపేయాల్సి వచ్చింది. 2021 మార్చి అప్‌డేట్ తర్వాత కొన్ని క్యోసెరా, రికో, జీబ్రా ప్రింటర్లకు ప్రింట్ కొట్టగానే కంప్యూటర్ నీలి తెర వేసి కూలబడింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ పంపిన ఒక్క అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మిషన్లు పడిపోయాయి, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది భద్రత కోసమే పెట్టుకున్న సాఫ్ట్‌వేర్!

ఇక చిన్న షాపుల సంగతి. మా వీధి చివర నెట్ సెంటర్‌లో కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లకు చివరి రోజు ఎలా ఉంటుందో నేను చాలాసార్లు చూశాను. బెంచీ మీద పిల్లలు, వాళ్ల వెనక తల్లిదండ్రులు, చేతుల్లో ర్యాంకు కార్డులు. ఉన్న రెండు సిస్టమ్‌లలో ఒకటి సరిగ్గా అప్పుడే రీస్టార్ట్ అయి, అప్‌డేట్ అవుతోంది, కంప్యూటర్ ఆఫ్ చేయొద్దు అని చెబుతూ 27 శాతం దగ్గర ఆగిపోయి ఉంటుంది. "అన్నా, సాయంత్రానికి క్లోజ్ అంటున్నారు" అని అమ్మాయి అడుగుతుంది, "వస్తుందమ్మా, కాసేపాగు" అంటాడు అతను, అది ఎప్పుడొస్తుందో అతనికీ తెలియదు. ఆ రోజు సాయంత్రమే ఎవర్నో పిలిపించి అప్‌డేట్ సర్వీసును పూర్తిగా ఆపించేస్తాడు. ఆ టెన్షన్ చూశాక అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

అప్‌డేట్ అనేది ఎంత దూరం వెళ్లగలదో అర్థం కావాలంటే మాత్రం ప్రింటర్ల దగ్గరికి రావాలి.

హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 చూడని జిరాక్స్ షాపు, చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసు, డాక్యుమెంట్ రైటర్ గది తెలుగునాట ఉంటుందనుకోను. రెండింటికీ 12ఏ కార్ట్రిడ్జే సరిపోతుంది. పౌడర్ అయిపోతే రీఫిల్ కుర్రాడు బ్యాగు వేసుకుని వస్తాడు, నేల మీద పాత పేపర్ పరిచి, పక్క పిన్ను లాగి కార్ట్రిడ్జ్‌ను రెండు ముక్కలు చేస్తాడు, వాడేసిన పౌడర్ దులిపి, డ్రమ్ వెలుతురులో తిప్పి చూసి "గీత పడిందండీ, మార్చేద్దాం" అంటాడు, బాటిల్‌తో కొత్త పౌడర్ పోసి మూసేసి ఒక టెస్ట్ పేజీ తీసి చేతిలో పెడతాడు. కొత్త కార్ట్రిడ్జ్ వేలల్లో ఉంటే ఇది వందల్లో అయిపోతుంది. ఇరవై ఏళ్లుగా మన ఆఫీసు కాగితాలు, హాల్ టికెట్లు, అడంగల్ కాపీలు అందరికీ అందే ధరకు ప్రింట్ అవుతున్నాయంటే ఆ కుర్రాళ్ల పుణ్యమే. ఆ పాత ప్రింటర్‌కు ఇంటర్నెట్ లేదు, కార్ట్రిడ్జ్‌లో ఎవరి పౌడర్ ఉందో అడిగే తెలివి దానికి లేదు, అదే దాని గొప్పతనం.

కొత్తవాటికి ఆ తెలివి పెట్టారు. 2016 సెప్టెంబర్ 13న ప్రపంచమంతటా హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు కొన్ని, నిన్నటిదాకా చక్కగా వాడుకున్న బయటి కంపెనీల కార్ట్రిడ్జ్‌లను ఒక్కసారిగా వద్దన్నాయి. ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లో ముందే పెట్టి ఉంచిన ఏర్పాటు ఆ తేదీకి నిద్ర లేచింది. జనం మండిపడ్డాక కంపెనీ సరిగా చెప్పలేదంటూ క్షమాపణ కోరింది, అమెరికాలో ఆ కేసును 15 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. 2020 చివర్లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఇలాంటి ఆంక్షల మీదే కోటి యూరోల జరిమానా వేసింది. ఇంత జరిగినా ఆ పద్ధతి ఆగలేదు, డైనమిక్ సెక్యూరిటీ అనే పేరుతో ఇంకా విస్తరించింది. 2024 జనవరిలో ఆ కంపెనీ సీఈఓ ఎన్రికే లోరెస్ టీవీ ఇంటర్వ్యూలో దాపరికం లేకుండానే చెప్పారు: ప్రింటర్ కొన్న కస్టమర్ సరిపడా ప్రింట్లు తీయకపోయినా, తమ ఇంక్ వాడకపోయినా తమకు అది చెడ్డ పెట్టుబడి అని, ప్రింటింగ్‌ను సబ్‌స్క్రిప్షన్‌గా మార్చడమే దీర్ఘకాలిక లక్ష్యమని. పెట్టుబడి పెట్టింది ఎవరు? షాపుకెళ్లి బిల్లు కట్టి ప్రింటర్ తెచ్చుకున్నది మనం! ఇల్లు అమ్మి డబ్బులు లెక్కపెట్టుకున్నవాడు ఒక తాళంచెవి తన దగ్గరే ఉంచుకుని, లోపల ఏ కంపెనీ బియ్యం వండుతున్నారో చూసి పొయ్యి ఆర్పేస్తానంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

మా ఇంట్లో ఉన్న ఒక ఆల్ ఇన్ వన్ ప్రింటర్ అయితే కలర్ ఇంక్ అయిపోయిందని స్కాన్ కూడా చేయనంది. పొలం పాస్‌బుక్ స్కాన్ చేసి తమ్ముడికి పంపాలి, అంతే. స్కానింగ్‌కి ఇంక్‌తో పనేంటి? లోపల వెలిగేది లైటు, చదివేది సెన్సర్. ఆ మెషిన్‌లో ఏ భాగమూ చెడిపోలేదు, ఆపమని ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్ ఆపింది.

మరి ఇంక్ లాభం లేకపోతే ప్రింటర్ కంపెనీలు బతకలేవా? బతకగలవని ఆసియాలోనే రుజువైంది. ఇక్కడి షాపులవాళ్లు ప్రింటర్ పక్కన సీసాలు కట్టి, సన్నటి గొట్టాలతో ఇంక్ ఎక్కించి వాడుకోవడం చూసి చూసి, 2010లో ఎప్సన్ ఇండోనేషియాలో తనే ఇంక్ ట్యాంకు ప్రింటర్ తెచ్చింది. ప్రింటర్ ధర ఎక్కువ, ఇంక్ ధర తక్కువ. ఇప్పుడు మన బజార్లో చిన్న ఆఫీసులవాళ్లు ముందు అడిగేది ఇంక్ ట్యాంకు మోడలే, మిగతా కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. అంటే కంపెనీలు నేరస్థుల్లా చూసే ఆ రీఫిల్‌వాళ్లే కంపెనీకి కొత్త వ్యాపారం నేర్పారు. దాంట్లోనూ ఒక మెలిక ఉంచారు, వృథా ఇంక్ పీల్చే ప్యాడ్ నిండిందని లోపలి కౌంటర్ లెక్కకట్టి ప్రింటర్‌ను ఆపేస్తుంది. ప్యాడ్ తీసి కడిగి ఆరబెట్టి పెట్టినా సరే, కౌంటర్‌ను సున్నా చేసే సాఫ్ట్‌వేర్ లేకపోతే మెషిన్ కదలదు. ఆ సాఫ్ట్‌వేర్ ప్రింటర్‌తో పాటు డబ్బాలోనే ఎందుకివ్వరు?

నేను అడిగేవి అసాధ్యమైన కోరికలేమీ కావు. భద్రతా ప్యాచ్‌లను మిగతా మార్పుల నుంచి విడదీసి ఇవ్వాలి. అమ్మిన రోజు చేసిన పనిని తర్వాత వచ్చే ఏ అప్‌డేట్ కూడా కొన్నవాడి అనుమతి లేకుండా ఆపకూడదు, ఆపితే అది లోపమున్న వస్తువు కిందే లెక్క, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పరిహారం కట్టాలి. ఎన్నేళ్లు ప్యాచ్‌లు ఇస్తారో డబ్బా మీద ధర పక్కనే ముద్రించాలి. 2025 జూన్ 20 నుంచి యూరప్‌లో మార్కెట్లోకి వచ్చే ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకాలు ఆగాక కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలన్న నిబంధన అమల్లో ఉంది. అప్‌డేట్‌తో పాత ఐఫోన్లు నెమ్మదిస్తాయని చెప్పనందుకు ఫ్రాన్స్ 2020లో యాపిల్‌కు రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ పెట్టింది, అందులో కంపెనీల కస్టమర్ కేర్ వివరాలు దొరుకుతాయి. కంపెనీని కట్టడి చేసే చట్టం ఇంకా రాలేదు.

ఇంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. అప్‌డేట్ అంటే భయపడి పాత విండోస్‌ను పట్టుకుని కూర్చున్నవాళ్లలో మన డీటీపీ ఆపరేటర్లు ఎంతమందో మీరు విజయవాడలోనో, హైదరాబాద్ చిక్కడపల్లిలోనో ప్రెస్సుల వెంట ఒకసారి తిరిగితే తెలుస్తుంది. వాళ్లు వాడేది పేజీలు కంపోజ్ చేసే పేజ్‌మేకర్ 7.0, దాని మీద అను అనే తెలుగు ఫాంట్లు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, అడోబీ దాన్ని అభివృద్ధి చేయడం ఆపేసింది 2004లో. దాని స్థానంలో అడోబీ తెచ్చింది ఇన్‌డిజైన్, పాత పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగల చివరి ఇన్‌డిజైన్ 2012 నాటి సీఎస్6, ఆ తర్వాత అంతా నెలనెలా అద్దె, అందులో ఆ ఫైళ్లు తెరుచుకోవు. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షర ప్రమాణం) కావు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరం ముక్క అర్థం కాదు. పెళ్లి కార్డులు పోతే పోయాయి. తెలుగులో కొన్ని దశాబ్దాల పాటు వచ్చిన కథల సంపుటాలు, కవిత్వం, జిల్లా చరిత్రలు, స్థానిక పత్రికలు, ఉద్యమ కరపత్రాలు ఇలాగే కంపోజ్ అయ్యాయి. వాటిలో చాలావాటి ఫైళ్లు ఇవాళ ఏదో ఒక ప్రెస్సులో మూలనున్న ఎక్స్‌పీ మిషన్ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. ఆ ఆపరేటర్ అప్‌డేట్ ఆపేసి ఆ మిషన్‌ను బతికించుకుంటున్నాడంటే, తెలియకుండానే మన సాహిత్యంలో ఒక భాగాన్ని కాపాడుతున్నాడు.

ఇప్పుడు ఉచిత యూనికోడ్ ఫాంట్లకు లోటు లేదు, మండలి, రామభద్ర, సురవరం, గిడుగు ఎవరైనా దించుకోవచ్చు. డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఆధారంగా తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన స్వేచ్ఛ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. కేరళ తన ప్రభుత్వ బడులన్నిటినీ ఉచిత సాఫ్ట్‌వేర్ మీద నడిపిస్తోంది, ఎవరి లైసెన్సు గడువు ముగిసినా అక్కడి పిల్లల క్లాసు ఆగదు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలెక్టరేట్లకు, బడులకు కొనే కంప్యూటర్ల టెండర్లలో, ప్రింటర్‌కు ఏ కార్ట్రిడ్జ్ అయినా పనిచేయాలి, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే వీలుండాలి అని రెండు వాక్యాలు రాస్తే చాలు, అంత పెద్ద ఆర్డరు వదులుకోవడానికి ఏ కంపెనీ సిద్ధపడదు. పాత ఫైళ్ల విషయానికొస్తే అంత వ్యవధి లేదు, హార్డ్ డిస్కులు ఏ రోజుకారోజు పోతున్నాయి. తెలుగు విశ్వవిద్యాలయం ఒక గది ఇచ్చి, నాలుగు పాత ఎక్స్‌పీ మిషన్లు పెట్టి, పేజ్‌మేకర్ తెలిసిన నలుగురు డీటీపీ ఆపరేటర్లకు జీతమిచ్చి కూర్చోబెడితే, ప్రచురణకర్తల దగ్గరున్న ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పని వచ్చే నెలలోనే మొదలుపెట్టొచ్చు.