రాసినవాళ్ల గురించి సరే, రాసేదెప్పుడు?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి ఓ డీటీపీ షాపులో పోయిన ఎండాకాలం గంటసేపు కూర్చోవాల్సి వచ్చింది. నాకన్నా ముందు ఎం.ఏ. తెలుగు చదివే ఓ అమ్మాయి ప్రాజెక్టు టైపు చేయించుకుంటోంది. అనూ ఫాంట్‌లో టకటకా కొడుతున్న ఆపరేటర్ సగంలో ఆగి, "ఈ పేరా పోయినేడు గూడ కొట్టిన మేడం. కవి పేరొక్కటే మారింది" అన్నాడు. అమ్మాయి నవ్వలేదు, ఇబ్బందీ పడలేదు. "అందరు గట్లనే పెడ్తరన్నా, కొట్టు" అంది.

ఆ పేరా నాకూ తెలుసు. సమకాలీన సామాజిక పరిస్థితులకు స్పందించి, అభ్యుదయ దృక్పథంతో రచనలు చేసి... అంటూ పోతుంది. రెడీమేడ్ చొక్కా లాగా ఏ కవికైనా సరిపోతుంది. మా రోజుల్లో డీటీపీలు లేవు కాబట్టి చేత్తో ఎక్కించాం, అంతే తేడా.

ఆ అమ్మాయిని తప్పుపట్టబుద్ధి కాలేదు. ఒకటో తరగతి నుంచి పీజీ దాకా లెక్కేస్తే 17 ఏళ్ల చదువు. ఇన్నేళ్లలో "నీ మాటల్లో ఒక పేజీ రాసుకురా, చదివి చెప్తా" అన్న సారో మేడమో ఒక్కరు తగిలి ఉంటే అదృష్టమే. వ్యాసరచన ఉంది కదా అంటారేమో. అదీ గైడులోదే. తండ్రి రాసిన కాలుష్యం వ్యాసాన్నే కొడుకూ రాసి పాసైన ఇళ్లు మన దగ్గర బోలెడు.

నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. అంతకుముందు దేవరకొండ పిల్లలైనా, అచ్చంపేట పిల్లలైనా యూనివర్సిటీ అంటే ఎక్కువగా హైదరాబాద్ బస్సెక్కేవాళ్లే. ఇంటి దగ్గరి నుంచే పీజీ చేసుకోవడం చిన్న మేలేం కాదు, ముఖ్యంగా ఆడపిల్లలకు. కానీ తెలుగు సాహిత్యం చదువు అంటే ఎక్కడైనా అదే వరస: ప్రాచీన కవిత్వం, వ్యాకరణం, ఛందస్సు, భాషాశాస్త్రం, విమర్శ. అన్నీ కావాల్సినవే. చదివేవాళ్ల చూపు బడిలో తెలుగు పండిట్ పోస్టు మీదో, లెక్చరర్ అర్హతకు రాసే నెట్ పరీక్ష మీదో ఉంటుంది, అదీ న్యాయమే. ఇంతా చేసి, సొంతంగా ఆలోచించి తెలుగులో పేజీలకు పేజీలు రాయాల్సిన అవసరం మన పిల్లలకు మొదటిసారి ఎదురయ్యేది గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే పేపర్లో. దానికి 150 మార్కులు. దానికి కూడా కోచింగ్ సెంటర్ వాళ్ల నోట్సు వచ్చేసింది.

"రాయడం నేర్పితే వచ్చేదా, పుట్టుకతో రావాలి గానీ" అనే మాట మన సాహిత్య సభల్లో తరచూ వినబడుతుంది. ఈ మాట వేరేచోట చెల్లుతుందేమో, పాలమూరులో మాత్రం చెల్లదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో అవధానాలు జరిగిన గడ్డ ఇది. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరుంది. సమస్యాపూరణం అంటే ఏమిటి? ఒక చిక్కు పాదం ఇచ్చి, దాన్ని అర్థవంతంగా ముగించమనడం. దత్తపదికి నాలుగు పదాలిచ్చి పద్యం అల్లమంటారు, నిషిద్ధాక్షరిలో ఏ అక్షరం వాడొద్దో అడుగడుగునా చెబుతారు. ఇవన్నీ గురువు దగ్గర కూర్చుని సాధన చేస్తే వచ్చిన విద్యలు. పద్యానికి అంత కసరత్తు ఒప్పుకున్నవాళ్లం, వచనం దగ్గరికి వచ్చేసరికి అంతా పూర్వజన్మ సుకృతం అంటున్నాం.

1922 అనే ఏడాదిని చూడండి. ఆ ఏడు అమెరికాలోని అయోవా యూనివర్సిటీ, సిద్ధాంత గ్రంథం బదులు కథలో కవితలో ఇచ్చినా పీజీ డిగ్రీకి ఒప్పుకుంటామంది. 1936లో అక్కడ మొదలైన రైటర్స్ వర్క్‌షాప్ ఆ తర్వాత ప్రపంచమంతటికీ నమూనా అయింది. పద్ధతి చాలా మామూలుది. ఒకరు రాసింది అందరూ ముందే చదువుకొచ్చి, చుట్టూ కూర్చుని ఎక్కడ కుదిరిందో, ఎక్కడ జారిందో చెబుతారు. అదే 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక తెచ్చారు. నాలుగేళ్లకు, 1926లో, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. మన వర్క్‌షాప్ అక్కడ నడిచింది. నకిరేకల్ దగ్గర పుట్టి, వంటపని చేస్తూ చదువు నేర్చిన వట్టికోట ఆళ్వారుస్వామి అదే పత్రికలో ప్రూఫులు దిద్దారు. ప్రూఫు దిద్దేవాడు వాక్యాన్ని చదివినట్టు ఏ ప్రొఫెసరూ చదవడు. తర్వాత ఆయన నవల రాశారు, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు వేశారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఇప్పుడు తెలుగు యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టుకున్నాం.

ఆ బడి చాలాకాలం సాగింది. జిల్లా పేజీలు వచ్చాక ఊళ్ల నుంచి వార్తలు రాసే కంట్రిబ్యూటర్లకు పత్రికాఫీసులో వార్తలు దిద్దే డెస్కే గురువు. అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే లైన్ అకౌంట్ డబ్బులు బస్ చార్జీలకు కూడా చాలేవి కావు, కానీ పంపిన వార్తలో సబ్ ఎడిటర్ ఏం కొట్టేశాడో మర్నాడు పేపర్లో చూసి వాక్యం నేర్చుకున్నవాళ్లు నాకు తెలుసు. ఇప్పుడు వార్త వాట్సాప్‌లో వెళ్తుంది, వెళ్లింది వెళ్లినట్టే వచ్చేస్తుంది. ఆ దిద్దే చెయ్యి పోయింది. కాబట్టే యూనివర్సిటీ దాన్ని భుజానికెత్తుకోవాలంటున్నాను. కొత్త డిపార్టుమెంటు అక్కర్లేదు, బిల్డింగు అసలే వద్దు. చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు బదులు, కావాలన్నవాళ్లకు సొంత రచన ఇచ్చే వీలు కల్పించి, మొదటి ప్రతికీ తిరగరాసిన ప్రతికీ విడివిడిగా మార్కులు వేస్తే చాలు. ఇద్దరు కలిసి దిద్దితే పక్షపాతం గొడవ కూడా చాలావరకు తగ్గుతుంది.

నేర్పేదెవరు అన్నది గట్టి ప్రశ్నే. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో నెట్టుకొస్తున్నచోట నలభై మంది రాతలు రెండేసిసార్లు ఎవరు చదువుతారు? దీనికో దారి యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీయే వేసింది. ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పేరుతో 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, తమ రంగంలో పేరున్నవాళ్లను పీహెచ్‌డీ లేకున్నా తీసుకోవచ్చు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాకా. 2021 సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న పాటల కవి గోరటి వెంకన్న నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం మనిషి. పాటను ఎక్కడ విరవాలో అలాంటివాళ్లు ఏడాదికి పది క్లాసులు చెప్పినా పిల్లలకు పండగే.

నాకున్న భయం వేరే. అందరూ కలిసి దిద్దితే అందరి రాతా ఒకే తీరుగా తయారవుతుందని అమెరికా వర్క్‌షాపుల మీదే విమర్శ ఉంది. మన దగ్గర దానికి యాస గొడవ తోడవుతుంది. పాఠ్యపుస్తకం తెలుగు రానిదే క్లాసులో నోరు తెరవని పిల్లలు, ఆ తెలుగులోకి మారగానే తమ సంగతులన్నీ బయటే వదిలేస్తారు.

ఓ డిగ్రీ కాలేజీలో రెండు రోజులు పిల్లలతో కూర్చున్నప్పుడు ఇది కళ్లారా చూశాను. నారాయణపేట వైపు అమ్మాయి ఒకామె "వలస అనేది పాలమూరు జిల్లాను పట్టి పీడిస్తున్న ప్రధాన సమస్య" అని మొదలుపెట్టింది. మీ ఇంట్లో ఎవరన్నా పోయారా అన్నాను. అమ్మానాన్న ఇద్దరూ పోయారట. బొంబాయి బస్సెక్కేటప్పుడు అమ్మ చేతిలో ఏముంది?

"జొన్నరొట్టెల మూట, ఇంకో చేతిల తాళంచెవి సార్."

"ఇంట్లో నువ్వుండగా తాళంచెవి ఎందుకు తీసుకుపోయింది?"

చాలాసేపు ఆలోచించింది. "నన్ను హాస్టల్ల ఏసిన్రు గద సార్ అప్పుడు" అంది.

వలస అనే వాక్యం కొట్టేసి తాళంచెవితో మొదలుపెట్టమన్నాను. మర్నాడు పేజీన్నర తెచ్చింది. బస్టాండు, రొట్టెల మూట, కిటికీ పక్క సీటు కోసం జరిగిన కొట్లాట, అన్నీ ఉన్నాయి. తాళంచెవి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మళ్లీ "ఇలా ఎన్నో కుటుంబాలు చిన్నాభిన్నమవుతున్నాయి" అని పుస్తకం తెలుగులోకి తప్పుకుంది. ఆ వాక్యం కింద గీత గీసి, ఇంకోసారి రాసుకురమ్మన్నాను. తర్వాతి వారం వాళ్లకు ఇంటర్నల్స్ పడ్డాయి.