రేటింగ్ నాలుగున్న బడి పక్కన ఇల్లు కొనొచ్చా?

హైదరాబాద్‌లో ఇల్లు కొనేవాళ్లకి బడి గురించి అంత బెంగ ఉండదు. నల్లగండ్లలో ఫ్లాట్ తీసుకున్నా, ఉప్పల్‌లో తీసుకున్నా, ఫీజు కట్టగలిగితే స్కూల్ బస్సు గేటు ముందుకే వస్తుంది. అమెరికాలో అలా కాదు. అక్కడ చాలా ఊళ్లలో ప్రభుత్వ బడి సీటు ఇంటి అడ్రస్‌తో ముడిపడి ఉంటుంది. వీధికి ఈ పక్క ఇల్లయితే ఒక బడి, ఆ పక్కదైతే ఇంకో బడి. అందుకే మనవాళ్లు ఇల్లు వెతికేటప్పుడు బెడ్‌రూములు ఎన్నో చూడకముందే ఇళ్ల అమ్మకాల సైట్ జిల్లో పేజీలో కిందికి జరిపి, బడులకు గ్రేట్‌స్కూల్స్ అనే రేటింగ్ సంస్థ ఇచ్చిన అంకె చూస్తారు. పదికి ఎనిమిది దాటితే ఆ శనివారమే ఇల్లు చూడ్డానికి బయల్దేరతారు. అయిదు లోపుంటే ఆ ఇంటి ఊసే ఎత్తరు. పదో తరగతి నుంచీ ర్యాంకుల మధ్య పెరిగినవాళ్లం, అంకె కనిపిస్తే దాన్ని దాటి చూడటం మనకి కష్టమే.

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో కొనేవాళ్లకి ఈ అలవాటు వల్ల పెద్దగా నష్టం లేదు. అక్కడ ఒక బడికీ పక్క బడికీ మధ్య తేడా తక్కువ. చిక్కంతా జెంట్రిఫికేషన్ జరుగుతున్న పేటల్లోనే. పాత కార్మికవాడల్లోకి మంచి జీతాలవాళ్లు దిగి, అద్దెలు పెరిగి, మూలమీది బట్టలుతికే షాపు పోయి కాఫీ షాపు వస్తున్న చోట్లన్నమాట. అలాంటి చోట ఎలిమెంటరీ బడి రేటింగ్ చూసి ఇల్లు ఖాయం చేసుకోవడం, వదులుకోవడం రెండూ తప్పేనని నా అభిప్రాయం. నాలుగు రేటింగ్ ఉన్న బడి మంచి బడి అని నేను అనడం లేదు. మీ పిల్ల అక్కడ ఎలా చదువుతుందన్న ప్రశ్నకి ఆ అంకెలో జవాబు లేదంటున్నాను.

న్యూజెర్సీలోని జెర్సీ సిటీని తీసుకుందాం. అక్కడ తెలుగువాళ్లకి కొదవ లేదు. న్యూపోర్ట్, ఎక్స్ఛేంజ్ ప్లేస్ టవర్లలో అద్దెకి దిగుతారు, జర్నల్ స్క్వేర్‌లో పాత్ రైలెక్కి మన్‌హట్టన్‌లో ఉద్యోగానికి వెళ్తారు, సరుకులకి ఇండియా స్క్వేర్ ఉండనే ఉంది. ఈ ఊరి బడుల పేరు మాత్రం ఎప్పట్నుంచో బాగాలేదు. నిర్వహణ సరిగా లేదని 1989లో రాష్ట్ర ప్రభుత్వమే వాటిని తన చేతుల్లోకి తీసుకుంది. దేశంలో అలా జరిగిన మొదటి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఊరి ప్రభుత్వ బడులన్నిటినీ నడిపే సంస్థ) ఇదే. కొన్ని దశాబ్దాల తర్వాత పెత్తనం తిరిగి ఊరికొచ్చింది గానీ, పడ్డ పేరు పూర్తిగా పోలేదు.

అదే ఊళ్లో మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలకి పూర్తి రోజు ప్రీకే (కిండర్‌గార్టెన్‌కి ముందు చదువు) ఉచితం. పేద డిస్ట్రిక్టుల బడుల నిధుల మీద నడిచిన అబట్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన తీర్పు ఫలితం అది. క్లాసులో 15 మందికి మించి ఉండకూడదు, అర్హత ఉన్న టీచర్, తోడుగా ఒక ఆయా తప్పనిసరి. డేకేర్‌కి నెలకి రెండు వేల డాలర్లు పోసే తల్లిదండ్రులకి ఇది మామూలు ఆసరా కాదు. దాంతో ఒక తంతు తయారైంది. పాపని మూడేళ్లకి ఇక్కడే ప్రీకేలో వేస్తారు, రెండేళ్ల డేకేర్ ఖర్చు మిగుల్చుకుంటారు, అయిదేళ్లు రాగానే బడులకి పేరున్న ఎడిసన్‌కో వెస్ట్ విండ్సర్‌కో ఇల్లు మారతారు. ‘మరి కిండర్‌గార్టెన్ ఇక్కడే ఎందుకు వేయలేదు?’ అని అడిగితే వచ్చే మొదటి మాట రేటింగే.

ఆ రేటింగ్ ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే విషయం తెలుస్తుంది. న్యూజెర్సీలో రాష్ట్ర పరీక్షలు మూడో తరగతిలో మొదలవుతాయి. ప్రీకే, కిండర్‌గార్టెన్, ఒకటి, రెండు తరగతుల పిల్లల మార్కులు అందులో ఉండవు. 2025 వసంతంలో అయిదో తరగతి పరీక్ష రాసిన పిల్లవాడు కిండర్‌గార్టెన్‌లో చేరింది 2019లో. అంటే మీరు ఇప్పుడు చూస్తున్న అంకెలో కొంత భాగం, కరోనాకి ముందు ఆ పేటలో ఎవరు అద్దెకున్నారన్న దాని మీద ఆధారపడి ఉంది. ఏళ్ల తరబడి ఒకే రకం కుటుంబాలుండే ఊళ్లో ఈ ఆలస్యం వల్ల తేడా పడదు. అయిదేళ్లలో సగం వీధి మారిపోయిన చోట చాలా తేడా పడుతుంది. మీ పాప పక్కన కూర్చునే పిల్లలు ఆ లెక్కలో లేనే లేరు.

ఇంకో లోపం దీనికంటే పెద్దది. సగటు మార్కుల్లో ఎక్కువగా కనిపించేది అమ్మానాన్నల చదువు, ఆదాయమే. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో షాన్ రియర్డన్ బృందం దేశమంతటా డిస్ట్రిక్టుల పరీక్ష ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసింది. సగటు మార్కులు కుటుంబాల ఆర్థిక స్థితితో బలంగా ముడిపడి ఉన్నాయి. ఏడాదికి పిల్లలు ఎంత ముందుకెళ్తున్నారన్న లెక్కకి మాత్రం ఆ ముడి చాలా బలహీనం. షికాగో బడుల మీద అందరిదీ చిన్నచూపే కదా. అక్కడ 2009 నుంచి 2014 మధ్య మూడు నుంచి ఎనిమిదో తరగతికి వచ్చేసరికి పిల్లలు అయిదేళ్లలో దాదాపు ఆరేళ్ల చదువు నేర్చారని ఆయన లెక్క తేల్చారు. సగటు మార్కులు తక్కువే, నేర్పడం మాత్రం బాగుంది. గ్రేట్‌స్కూల్స్ కూడా 2020లో లెక్క మార్చి ఎదుగుదలకి ఎక్కువ విలువ ఇవ్వడం మొదలుపెట్టింది. అయినా చివరికి అన్నీ కలిపి ఒకే అంకె చేసి చూపిస్తుంది, మనం చూసేది ఆ అంకెనే.

అయితే ఏం చూడాలి? న్యూజెర్సీ విద్యాశాఖ ప్రతి బడికీ ఏటా ఒక పర్ఫార్మెన్స్ రిపోర్ట్ పెడుతుంది. ఉచితంగా దొరుకుతుంది, చదవడానికి పావుగంట చాలు. అందులో స్టూడెంట్ గ్రోత్ పర్సంటైల్ అని ఒకటుంటుంది. గతేడాది అదే స్థాయి మార్కులున్న రాష్ట్రంలోని పిల్లలతో పోలిస్తే ఈ బడి పిల్లలు ఎంత ఎదిగారన్నది అది చెబుతుంది. 50 చుట్టూ ఉంటే మామూలు. రేటింగ్ నాలుగుండి ఇది 60 దగ్గరుంటే, ఆ బడిని ఒకసారి వెళ్లి చూడాల్సిందే. రేటింగ్ ఎనిమిదుండి ఇది 40 దగ్గరుంటే, ఆ మార్కుల్లో ట్యూషన్ల వాటా, ఇంటి వాటా ఎంతో ఆలోచించుకోవాలి. ఒక్క ఏడాది అంకె చూసి మురిసిపోవద్దు. చిన్న బడిలో తరగతికి నలభై మందే ఉంటే నలుగురు పిల్లలు అటూ ఇటూ అయినా లెక్క మారుతుంది. మూడేళ్లవి కలిపి చూడాలి.

అదే రిపోర్టులో తరగతివారీగా పిల్లల సంఖ్య ఉంటుంది. చాలామంది దాని జోలికే పోరు. నా దృష్టిలో ఇల్లు కొనేవాళ్లకి దాన్ని మించిన పేజీ లేదు. కిండర్‌గార్టెన్‌లో 80 మంది, అయిదో తరగతిలో 45 మంది ఉన్నారనుకోండి. దీనికి రెండు కారణాలుండొచ్చు. పేటలో చిన్నపిల్లల కుటుంబాలు కొత్తగా పెరుగుతుండొచ్చు, లేదా చేరినవాళ్లు మధ్యలో వెళ్లిపోతుండొచ్చు. ఏది నిజమో తెలియాలంటే పాత రిపోర్టులు తీసి ఒకే బ్యాచ్ వెంట నడవాలి. అయిదేళ్ల కిందట కిండర్‌గార్టెన్‌లో ఎంతమంది, మరుసటి ఏడాది ఒకటిలో ఎంతమంది, ఆ తర్వాత రెండులో ఎంతమంది అని కాగితం మీద రాసుకుంటూ రావాలి. రెండు నుంచి మూడుకి వచ్చేసరికి నాలుగో వంతు తగ్గుతుంటే, కొత్త కుటుంబాలకి ఆ బడి మీద ఇంకా నమ్మకం కుదరలేదన్నమాట. పక్కనే ఛార్టర్ స్కూల్లో (ప్రభుత్వ డబ్బుతో విడిగా నడిచే బడి) లాటరీ తగిలి వెళ్తుంటే అది వేరే సంగతి, కనుక్కోవాలి. బ్యాచ్ చెక్కుచెదరకుండా పైకి వస్తుంటే, రేటింగ్ ఇంకా నాలుగే అయినా ఆ బడి మీద జనానికి నమ్మకం కుదిరినట్టే. వాషింగ్టన్ డీసీలో ఈ పని ఇంకా సులువు. ఒక బడి హద్దుల్లో ఉన్న పిల్లల్లో ఎంతమంది నిజంగా ఆ బడికే వస్తున్నారో అధికారులే బయటపెడతారు.

కాగితాలయ్యాక మధ్యాహ్నం మూడింటికి బడి గేటు దగ్గరికి వెళ్లండి. పొద్దున్న పెట్టే ఓపెన్ హౌస్‌లో ప్రిన్సిపాల్ చూపించేది మంచి క్లాసురూమే. జర్నల్ స్క్వేర్ చుట్టుపక్కల ఏ బడి దగ్గర నిలబడినా స్పానిష్, అరబిక్, గుజరాతీ వినిపిస్తాయి. చీర మీద స్వెటర్ వేసుకుని మనవడి కోసం ఎదురుచూసే మామ్మగారు ఒకరైనా కనిపిస్తారు. అక్కడ ఎవర్నైనా పలకరిస్తే చెప్పే మాట దాదాపు ఒకటే: ‘ఇప్పటికి బానే ఉందండీ, మూడో క్లాసుకి మాత్రం అందరూ ఎడిసన్ అంటున్నారు.’ ఆ ‘అందరూ’ ఎవరెవరో గుచ్చిగుచ్చి అడగండి. ముగ్గురే అని తేలితే ఒక సంగతి, క్లాసులో సగం అని తేలితే ఇంకో సంగతి. ప్రిన్సిపాల్ వచ్చి ఎన్నేళ్లయింది, కిందటేడు ఎంతమంది టీచర్లు మానేశారు అన్నవి కూడా అక్కడే తెలుస్తాయి.

రేటింగ్ పెరుగుతున్న బడి విషయంలోనూ కాస్త ఆగాలి. నాలుగున్నది ఏడయిందంటే బడి బాగుపడిందని ఏజెంట్ చెప్తాడు. చాలాసార్లు బాగుపడింది బడి కాదు, లోపలున్న పిల్లలు మారిపోయారంతే. అద్దె కట్టలేక పాత కుటుంబాలు పక్క ఊరు బయోన్‌కో, ఇంకా దూరానికో వెళ్లిపోయాయి, మార్కులు వచ్చే పిల్లలు వచ్చారు. పాఠం చెప్పే టీచరమ్మ మాత్రం ఆవిడే. పైగా పేద పిల్లల వాటా తగ్గేకొద్దీ కేంద్రం ఇచ్చే టైటిల్ వన్ నిధులు తగ్గి, ఒక గీత దాటాక ఆగిపోతాయి. వాటితో జీతమిచ్చే రీడింగ్ స్పెషలిస్టు ముందు పోతుంది, ఆ లోటు పూడ్చేంత చందాలు తల్లిదండ్రులు, టీచర్ల సంఘం పీటీఏకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ సంధికాలంలో ఎక్కువ నష్టపోయేది ఇంకా అక్కడే మిగిలిన పేద పిల్లలు. ఈ మాట చెప్పకుండా మన పిల్లల లెక్క ఒక్కటే వేసుకోవడం నాకు సబబుగా అనిపించదు.

హద్దుల సంగతి. ఇల్లు మనదే, అది ఏ బడి కిందకి వస్తుందన్నది మాత్రం మన చేతిలో లేదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో డంబో ప్రాంతం వాళ్లు పీఎస్ 8 అనే ప్రభుత్వ బడి ఉందని నమ్మి ఖరీదైన అపార్ట్‌మెంట్లు కొన్నారు. ఆ బడి నిండిపోయింది. 2015లో హద్దులు మార్చే ప్రతిపాదన వచ్చింది, 2016 జనవరిలో ఆమోదం పొందింది, డంబో పిల్లలు ఫారగట్ హౌసెస్ అనే ప్రభుత్వ గృహసముదాయం పక్కనున్న పీఎస్ 307 కిందకి వెళ్లారు. సమావేశాల్లో రెండు వైపుల తల్లిదండ్రులూ భగ్గుమన్నారు. కొత్తవాళ్లకి రేటింగ్ భయం, పాతవాళ్లకి తమ బడి చేజారిపోతుందన్న భయం. డీసీలో కేపిటల్ హిల్ దగ్గర మోరీ, మైనర్ అనే రెండు బడుల్ని జత చేద్దామని 2023లో అధికారులు అన్నప్పుడూ ఇదే గొడవ. ఆ రెండింటి మధ్య మైలు దూరం కూడా లేదు, పిల్లల కుటుంబాల ఆదాయాలకి మాత్రం పొంతన లేదు. కాబట్టి ఒక బడి నిండిపోయి పక్క బడి ఖాళీగా ఉన్న చోట ఇల్లు చూస్తుంటే, రెండు బడులూ మీవే అనుకుని రెండూ చూసి రావడం మంచిది. లిస్టింగ్‌లో రాసిన బడి పేరు నమ్మకండి, డిస్ట్రిక్ట్ ఆఫీసుకి అడ్రస్ చెప్పి కనుక్కోండి.

పన్ను బిల్లు కూడా బడి లెక్కలో భాగమే. జెర్సీ సిటీలో 2018లో మూడు ఒకేసారి వచ్చి పడ్డాయి. రాష్ట్ర సాయాన్ని ఏటా తగ్గించుకుంటూ పోయే చట్టం, ఆ లోటుకి ఊళ్లో జీతాల మీద కంపెనీలు కట్టే 1 శాతం పేరోల్ పన్ను, 1988 తర్వాత మొదటిసారి ఇళ్ల విలువల సవరణ. డౌన్‌టౌన్‌లో పాత విలువ మీద పన్ను కడుతున్నవాళ్లకి బిల్లు చూసి కళ్లు తిరిగాయి. మరోవైపు నది ఒడ్డున లేచిన టవర్లలో చాలావాటికి మామూలు పన్ను బదులు వేరే చెల్లింపు కట్టే పైలట్ (పేమెంట్ ఇన్ ల్యూ ఆఫ్ టాక్సెస్) ఒప్పందాలున్నాయి. ఆ డబ్బులో 95 శాతం ఊరికి, 5 శాతం కౌంటీకి వెళ్తుంది, బడులకి నేరుగా దక్కేది ఏమీ లేదు. టవర్ నిండా పిల్లలుంటారు, వాళ్ల బడి ఖర్చు మాత్రం పక్క వీధిలో సొంతిల్లున్నవాళ్ల మీద పడుతుంది. జర్నల్ స్క్వేర్ వైపు టౌన్‌హౌస్ చూస్తున్నవాళ్లు ఈ ఏడాది పన్ను ఒక్కటే కాదు, గత అయిదేళ్లలో అందులో స్కూల్ పన్ను ఎలా పెరిగిందో అడగాలి.

ఇంత చెప్పాక రేటింగ్‌ని పూర్తిగా పక్కన పెట్టేయమంటే అది నిజాయితీ కాదు. చదువు సంగతి ఎలా ఉన్నా ధర సంగతి దానికి బాగా తెలుసు. మసాచుసెట్స్‌లో బడి హద్దుకి అటూ ఇటూ ఉన్న ఒకే రకం ఇళ్లను పోల్చి, పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువున్న వైపు ఇంటికి జనం సుమారు 2.5 శాతం ఎక్కువ ఇస్తున్నారని ఆర్థికవేత్త శాండ్రా బ్లాక్ 1999లోనే చూపించారు. ఆన్‌లైన్ రేటింగులు వచ్చాక మంచి అంకె ఉన్న చోట్లకి డబ్బున్నవాళ్లు ఇంకా చేరి, పేటల మధ్య దూరం పెరిగిందని షరీక్ హసన్, అనూజ్ కుమార్ అనే పరిశోధకుల అధ్యయనం చెప్తోంది. కాబట్టి నాలుగైదేళ్లలో అమ్మేసి వెళ్లే ఆలోచన ఉంటే, రేటింగ్ నాలుగున్న బడి వల్ల తగ్గిన ధరే మీకు లాభం, అమ్మేనాటికి అది ఏడు కాకపోతే అదే మీకు రిస్కు. పదిహేనేళ్లు ఉండేవాళ్లకి ఆ ఏడుతో పనిలేదు, కిండర్‌గార్టెన్ బ్యాచ్ అయిదో తరగతి దాకా నిలుస్తుందా, ఆ తర్వాత మిడిల్ స్కూల్ ఏది అన్న రెండు ప్రశ్నలకి జవాబు దొరికితే చాలు.