సవరణ: ఉబుంటు అప్‌డేట్ ఎర్రర్‌కి నేను చెప్పిన కారణం తప్పు

ఉబుంటులో (ఇదొక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌డేట్ చేస్తుంటే 'రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదు' అనే ఎర్రర్ (రిలీజ్ ఫైల్ అంటే అప్‌డేట్ల జాబితా, దాని మీద తేదీ ఉంటుంది) వస్తే అప్‌డేట్లు దించుకునే సర్వర్ మార్చమని, అప్పటికీ పోకపోతే మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమని పోయిన వారం రాశాను. అది తప్పు. నా మాట నమ్మి బ్రాడీపేటలో ఒక తమ్ముడు సిస్టమ్ మొత్తం ఫార్మాట్ చేశాడు. అతనికి మనస్ఫూర్తిగా క్షమాపణలు.

నిన్న గుంటూరులో అదే ఎర్రర్ వస్తున్న ఇంకో పాత డెస్క్‌టాప్ విప్పి చూశాను. మదర్‌బోర్డు మీద, కరెంటు లేనప్పుడు కూడా లోపలి గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. 3 వోల్టులు ఉండాల్సింది రెండు కూడా లేదు. కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోంది. అక్కడి నెట్‌వర్క్, సరైన టైమ్ చెప్పే ఇంటర్నెట్ సర్వర్‌ని అడ్డుకుంటోంది కాబట్టి దానంతట అది సరికావడం లేదు. కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైల్ రేపటిది, అందుకే వద్దంటోంది. బ్రౌజర్‌లో సైట్ సురక్షితం కాదనే సర్టిఫికెట్ ఎర్రర్లు వచ్చినా ముందు తేదీనే చూడండి. బ్యాటరీ మార్చి, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే తెరుచుకోగలిగే సెట్టింగ్స్‌లో) టైమ్ సరిచేశాక అప్‌డేట్ మామూలుగా నడిచింది.

ఒక్క జాగ్రత్త: విండోస్ కూడా ఉన్న మెషీన్‌లో టైమ్ సరిగ్గా ఐదున్నర గంటలు తేడాగా ఉంటే బ్యాటరీ కొనకండి. విండోస్ మదర్‌బోర్డు మీది గడియారంలో మన టైమ్ రాస్తుంది, లినక్స్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకన్నా ఐదున్నర గంటలు వెనక) అనుకుంటుంది, అంతే.